ఎగుమతి మిర్చిలో పురుగుమందు అవశేషాలు: పరిమితి ఎవరు పెడతారు, రైతు ఏం చేయాలి

మన గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల్లో అమ్మిన ఎండుమిర్చి చైనా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, శ్రీలంక, అమెరికా, యూరప్ దేశాల దాకా వెళ్తుంది. యార్డులో వ్యాపారి కాయ రంగు, ఘాటు, తేమ, తాలు శాతం చూసి ధర కడతాడు. ఇవన్నీ కంటికి, చేతికి తెలిసేవి. సరుకు ఓడ దిగిన తరువాత మాత్రం కంటికి కనపడనిది కూడా చూస్తారు. అదే పురుగుమందు అవశేషం. అది పరిమితి దాటితే సరుకును వెనక్కి పంపుతారు, లేదా అక్కడే ధ్వంసం చేస్తారు. ఆ నష్టం ముందు ఎగుమతిదారుకు తగిలినా, తరువాతి సీజన్‌లో ధర రూపంలో రైతు దాకా వస్తుంది.

ఈ పరిమితులు ఎలా వచ్చాయి, మన చేనులో వాటిని ఎలా పాటించాలి అనే విషయాలు మిరప రైతు సోదరులు, సోదరీమణుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

అవశేషం అంటే ఏమిటి?

పిచికారీ చేసిన మందు ఎండకు, గాలికి, వానకు, మొక్క లోపల జరిగే మార్పులకు రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. కోత నాటికి కాయ మీద, కాయ లోపల మిగిలిపోయిన భాగమే అవశేషం. ఏ పంటలో ఏ మందు ఎంత వరకు మిగిలి ఉండవచ్చో చట్టం చెప్పే హద్దును గరిష్ఠ అవశేష పరిమితి అంటారు. వ్యాపారులు, అధికారులు దీనినే ఎం.ఆర్.ఎల్. అంటారు. దీనిని కిలో సరుకులో ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్కిస్తారు. పి.పి.ఎం. అన్నా అదే లెక్క.

పరిమితి ఎవరు పెడతారు?

ప్రపంచమంతటికీ ఒకే పరిమితి లేదు.

• కోడెక్స్: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో ఏర్పాటు చేసిన సంఘం ఇది. నిపుణులు క్షేత్ర ప్రయోగాల లెక్కలు, విష ప్రభావం చూసి చేసిన సిఫారసుల మీద పరిమితులు పెడుతుంది. ఇవి మార్గదర్శకాలు మాత్రమే. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం, శాస్త్రీయ కారణం చూపితే ఏ దేశమైనా ఇంతకన్నా కఠినమైన పరిమితి పెట్టుకోవచ్చు.

• యూరోపియన్ యూనియన్: 396/2005 అనే నిబంధన కింద మందుకూ పంటకూ విడివిడిగా పరిమితులు పెట్టింది. ప్రత్యేకంగా పరిమితి పెట్టని చోట కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే సాధారణ హద్దు వర్తిస్తుంది.

• జపాన్: 2006 మే నుంచి ఇలాంటి పద్ధతే అమలు చేస్తోంది. జాబితాలో లేనిదానికి అక్కడ కూడా 0.01 హద్దు.

• అమెరికా: ఆ పంటకు ఆ మందు పరిమితి అక్కడ నిర్ణయించి లేకపోతే, ఎంత కొద్దిగా కనపడినా సరుకును ఆపేయవచ్చు.

• చైనా: జీబీ 2763 అనే జాతీయ ప్రమాణం ఉంది.

• మన దేశం: ఏ మందు ఏ పంట మీద వాడాలో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ నిర్ణయిస్తుంది. ఆహారంలో అవశేష పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెడుతుంది.

అంటే మన దగ్గర చట్టప్రకారం కొట్టిన మందు కూడా, కొనే దేశం హద్దు దాటితే అక్కడ తప్పే అవుతుంది. ఎగుమతి మిర్చిలో చాలామంది రైతులకు తెలియని సంగతి ఇదే.

0.01 మిల్లీగ్రాము అంటే ఎంత?

పది టన్నుల లోడు ఉన్న లారీని ఊహించుకోండి. కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున ఆ లారీ మొత్తం మీద ఉండగలిగే మందు 100 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు. అదే 50 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్ల ద్రావణం కొడితే, అసలు మందు సుమారు 200 గ్రాములు చేనులో పడుతుంది. దానిలో ఎక్కువ భాగం కోత నాటికి విరిగిపోవాలి. అందుకు కావలసింది సమయం. మందు కొట్టిన రోజుకూ కోసిన రోజుకూ మధ్య ఉన్న గడువే మీ సరుకు గెలుస్తుందా, ఓడుతుందా అన్నది చాలా వరకు తేలుస్తుంది.

ఒకే మందు, రెండు హద్దులు

• ఫిప్రోనిల్ 5 ఎస్.సి.: మన దేశంలో మిరపలో తామర పురుగులు, పేనుబంక, కాయతొలుచు పురుగుకు అనుమతి ఉంది. యూరప్‌లో సాగులో దీని వాడకానికి అనుమతి లేదు. అక్కడ మిరప జాతి కాయలకు పెట్టిన హద్దు 0.005 మిల్లీగ్రాము. ఇది సాధారణ హద్దులో సగం.

• క్లోరిపైరిఫాస్: యూరప్ 2020లో దీని అనుమతిని పొడిగించలేదు. ఆ తరువాత పరిమితిని 0.01కి దించింది.

• థయామిథాక్సామ్, క్లోథియానిడిన్: తేనెటీగలకు హాని చేస్తాయన్న కారణంతో యూరప్ వీటి పరిమితులను పరీక్షలో గుర్తించగల కనిష్ఠ స్థాయికి తగ్గించింది. ఇది 2026 మార్చి నుంచి వర్తిస్తుంది.

పోయిన ఏడాది పాసైన సరుకు ఈ ఏడాది అదే మందుతో పాస్ కాకపోవచ్చు. కాబట్టి ఎగుమతి కోసం కొనే కంపెనీ లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం నుంచి, వాడకూడని మందుల జాబితాను ప్రతి సీజన్ మొదట్లోనే అడిగి తీసుకోవాలి.

హద్దు దాటితే ఏం జరుగుతుంది?

2014లో సౌదీ అరేబియా మన దేశపు పచ్చిమిర్చి దిగుమతిని పురుగుమందు అవశేషాల కారణంగా నిలిపివేసింది. తక్కువ మందుతో పండించిన రైతు కాయ కూడా ఆ నిషేధంలో ఆగిపోయింది.

తేయాకులో ఈ సమస్య మనకన్నా ముందే ముదిరింది. తేయాకును కడగరు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, ఎండబెట్టి నేరుగా వేడినీళ్లలో వేస్తారు. సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు ఎండితే కిలో టీ పొడి వస్తుంది. అందుకే టీ బోర్డు ఏ మందులు వాడవచ్చో ఒక జాబితా పెట్టి, అందులో లేనివి వాడవద్దని చెప్పింది. మన దేశపు టీలో సగానికి పైగా చిన్న రైతుల ఆకు నుంచే వస్తుంది. వాళ్ల ఆకు ఫ్యాక్టరీలో కలిసిపోయాక, అవశేషం ఎవరి తోట నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. 2024లో అస్సాంలోని ఆకు కొనుగోలు ఫ్యాక్టరీలు, పరిమితులకు లోబడని ఆకు వస్తోందంటూ, జూన్ 1 నుంచి చిన్న రైతుల ఆకు కొనబోమని ప్రకటించాయి. తప్పు కొందరిదైనా తలుపు అందరికీ మూసుకునే పరిస్థితి వచ్చింది. మిర్చి యార్డులో కూడా పది మంది టిక్కీలు ఒకే లాటుగా కలుస్తాయని మరచిపోవద్దు.

ఎండుమిర్చికి ఉన్న ప్రత్యేక ఇబ్బందులు

మొదటిది, ఎండటం. వంద కిలోల పండుకాయ కల్లంలో ఎండితే సుమారు 25 నుంచి 30 కిలోలు అవుతుంది. నీరు పోతుంది కానీ మందు అదే లెక్కన పోదు. అందుకే కిలో ఎండుకాయలో అవశేషం పెరుగుతుంది. తాజా కాయ నుంచి ఎండుకాయకు పరిమితి లెక్కించేటప్పుడు అంతర్జాతీయ నిపుణులు 7 నుంచి 10 రెట్లు పెరుగుదలను లెక్కలోకి తీసుకున్నారు.

రెండవది, విడతల కోత. మిరపలో ఒకే చెట్టు మీద పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ కలిసి ఉంటాయి. పూతను కాపాడుకోవడానికి కొట్టిన మందు రేపు కోయబోయే పండుకాయ మీద కూడా పడుతుంది.

మూడవది, నల్ల తామర పురుగు. 2021-22 సీజన్‌లో ఇది రెండు రాష్ట్రాల మిరప చేలను దెబ్బతీసింది. అప్పటి నుంచి రెండు మూడు మందులు కలిపి వారానికోసారి కొట్టే అలవాటు పెరిగింది. దీనివల్ల పురుగు తగ్గకపోగా, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి ఉధృతి ఇంకా పెరుగుతుంది. కాయలో మాత్రం నాలుగైదు మందుల అవశేషాలు మిగులుతాయి.

నిరీక్షణ కాలం పాటించండి

ఆఖరి పిచికారీకీ కోతకూ మధ్య వదలాల్సిన రోజులను నిరీక్షణ కాలం అంటారు. ఇది డబ్బా మీది లేబుల్‌లో, లోపల పెట్టిన కరపత్రంలో ఉంటుంది. మిరపలో అనుమతి ఉన్న కొన్ని మందులకు ఈ కాలం ఇలా ఉంది:

• ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి.: 3 రోజులు
• స్పైనోసాడ్ 45 ఎస్.సి.: 3 రోజులు
• అజాక్సీస్ట్రోబిన్ 23 ఎస్.సి.: 5 రోజులు
• ఫిప్రోనిల్ 5 ఎస్.సి.: 7 రోజులు
• డైఫెన్‌కొనజోల్ 25 ఇ.సి.: 15 రోజులు
• ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్.: 40 రోజులు

మీరు కొన్న డబ్బా లేబుల్ మీద ఉన్నదానినే చివరి మాటగా తీసుకోండి.

ఉదాహరణకు జనవరి 20న కోత పెట్టుకున్నారనుకుందాం. స్పైనోసాడ్ అయితే జనవరి 17 లోపు, ఫిప్రోనిల్ 13 లోపు, డైఫెన్‌కొనజోల్ 5 లోపు ఆపేయాలి. ఇమిడాక్లోప్రిడ్‌ను డిసెంబరు 11 తరువాత కొట్టకూడదు. కోతలు మొదలైన చేనులో రెండు కోతల మధ్య 40 రోజుల ఖాళీ దొరకడం కష్టం. కాబట్టి ఇమిడాక్లోప్రిడ్‌ను కోతల దశలో వాడనే కూడదు.

ఈ రోజులు మన దేశపు పరిమితిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించినవి. కఠినమైన హద్దు ఉన్న దేశానికి వెళ్లే సరుకుకు ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి, లేదా ఆ మందును మానేయాలి. ఫిప్రోనిల్‌ను ఏడు రోజుల గడువు పాటించి వాడినా యూరప్ హద్దులో పడుతుందన్న నమ్మకం లేదు.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: కోసి కొట్టండి, కొట్టి కోయకండి. మందు కొట్టక తప్పని పరిస్థితి వస్తే ముందు పండుకాయ కోయించి, ఆ తరువాత పిచికారీ చేయండి. కూలీలు దొరకలేదని పండుకాయను చెట్టు మీదే వదిలి మందు కొడితే, ఆ కాయ మీద పడినదంతా కల్లానికి వస్తుంది. కూలీల కొరత నిజమే. అందుకే కూలీలు వచ్చే రోజు ఖాయమైన తరువాతే మందు కొట్టే రోజు నిర్ణయించుకోండి.

వాడకూడని మందులు

• ఎండోసల్ఫాన్: 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగిపోయింది.
• ట్రయాజోఫాస్, ఫోరేట్, డైక్లోర్వాస్: 2020 డిసెంబరు 31తో నిషేధం అమలులోకి వచ్చింది.
• మోనోక్రోటోఫాస్: 2005 నుంచే కూరగాయల మీద వాడకూడదు. 2023లో దీని 36 శాతం ద్రావణాన్ని కూడా నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.
• మిథోమిల్, డైకోఫాల్: 2023లో నిషేధించారు.

పాత డబ్బా ఇంట్లో ఉందని, పోయినేడాది బాగా పని చేసిందని వీటిని తీయవద్దు. పత్తి మీదకు మాత్రమే అనుమతి ఉన్న మందును మిరప మీద కొట్టడం కూడా తప్పే. లేబుల్‌లో మిరప పేరు ఉందో లేదో చూసి కొనండి.

‘బయో’ పేరుతో అమ్మే సీసాలతో జాగ్రత్త. లేబుల్ మీద మందు పేరు, శాతం, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అమ్మే కొన్నింటిలో రసాయన మందు కలిపి ఉంటుంది. రైతు రసాయనం కొట్టలేదని అనుకుంటాడు, పరీక్షలో మాత్రం బయటపడుతుంది. బిల్లు ఇవ్వని షాపులో మందు కొనవద్దు.

మందు అవసరాన్ని తగ్గించే పద్ధతులు

1. చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న లేదా మొక్కజొన్న కంచె పంటగా వేయండి. పక్క చేను నుంచి ఎగిరి వచ్చే పురుగుకూ, గాలికి వచ్చే మందు తుంపరకూ అడ్డుగా ఉంటుంది.

2. తామర పురుగుకు నీలి రంగు, తెల్లదోమ, పేనుబంకకు పసుపు రంగు జిగురు అట్టలు ఎకరాకు 25 నుంచి 30 వరకు పెట్టండి. లద్దెపురుగుకు లింగాకర్షక బుట్టలు పెట్టి, పడే రెక్కల పురుగులను లెక్కించండి.

3. యూరియా ఎక్కువ వేయవద్దు. లేత చిగురు ఎక్కువైన చేనునే తామర పురుగు ముందు పడుతుంది.

4. పై ముడత కనపడితే తామర పురుగు, కింద ముడత కనపడితే తెల్లనల్లి. తామర పురుగు మందు నల్లికి పని చేయకపోవచ్చు. ముడత ఏదో తేల్చుకోకుండా కొట్టిన ప్రతి మందూ డబ్బు దండగ, అదనపు అవశేషం.

5. తొలి దశలో 5 శాతం వేపగింజల కషాయం లేదా వేపనూనె వాడండి. రసాయన మందు తప్పనిసరైతే ఒకసారికి ఒక్కటే వాడండి. తరువాతిసారి మరో గుంపు మందుకు మారండి. సింథటిక్ పైరిథ్రాయిడ్లను మాటిమాటికీ కొడితే నల్ల తామర పురుగు పెరుగుతుంది.

కోత తరువాత

• కాయను నేల మీద కాకుండా శుభ్రమైన పట్టాల మీద ఎండబెట్టండి. మంచుకు తడవకుండా రాత్రి కప్పండి. తేమ 10-11 శాతానికి దిగిన తరువాతే నిల్వ చేయండి. తేమ ఎక్కువైతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. దాని మీదా పరిమితి ఉంది.
• కాయకు మెరుపు కోసం రంగు, నూనె పూయవద్దు. మిర్చి కారంలో సూడాన్ రంగు దొరికిందని 2003లో యూరప్ పట్టుకున్నప్పటి నుంచి దాని మీద గట్టి నిఘా ఉంది.
• ఎరువుల, పురుగుమందుల సంచుల్లో కాయ నింపవద్దు. కాయ నిల్వ చేసిన గదిలో మందు డబ్బాలు పెట్టవద్దు, చీమల పొడి చల్లవద్దు.

2024లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు కొన్ని మసాలా పొడుల విషయంలో లేవనెత్తిన ఇథిలిన్ ఆక్సైడ్, రైతు కొట్టే మందు కాదు. పొడుల్లోని సూక్ష్మజీవులను చంపడానికి కోత తరువాత దశలో వాడే వాయువు అది. ఆ వార్త చూసి రైతు కాయలో లోపమని అనుకోవద్దు.

పిచికారీ డైరీ రాయండి

ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, చేను సర్వే నంబరు, మందు పేరు, శాతం, మోతాదు, ఎందుకు కొట్టారు, బిల్లు నంబరు, తరువాతి కోత తేదీ రాయండి. బిల్లులు అందులోనే అంటించండి. కంపెనీ లేదా సంఘం నేరుగా కొనేటప్పుడు మొదట అడిగేది ఇదే. పరీక్షలో ఏదైనా తేలినా, అది మీరు కొట్టిన మందా, పక్క నుంచి వచ్చిందా అన్నది ఈ పుస్తకమే చెబుతుంది.

పరీక్ష ఎక్కడ?

గుంటూరులో సుగంధ ద్రవ్యాల బోర్డు నాణ్యత పరీక్ష ప్రయోగశాల ఉంది. గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రయోగశాలలు కూడా ఉన్నాయి. ఒకే మచ్చులో అనేక మందులను ఒకేసారి చూసే పరీక్షలు వీటిలో చేస్తారు. ఒక్క రైతుకు ఖర్చు భారమవుతుంది. ఒకే పద్ధతిలో సాగు చేసిన పది మంది కలిసి ఉమ్మడి మచ్చు పంపితే భారం తగ్గుతుంది. మచ్చును ఒక్క టిక్కీ నుంచి కాక, చాలా టిక్కీల్లో పై, మధ్య, అడుగు భాగాల నుంచి కొద్దికొద్దిగా తీసి కలపాలి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను యార్డులో అమ్ముతాను. ఎగుమతి చేయను. నాకు ఈ గొడవ ఎందుకు?
యార్డులో కొన్న కాయ ఏ దేశం వెళ్తుందో మీకు తెలియదు. పైగా మన దేశంలో అమ్మే సరుకుకు కూడా పరిమితులున్నాయి. ఇంట్లో పండుమిర్చి పచ్చడికీ, కారానికీ తెచ్చుకునేది అదే చేను కాయ. ఆ మందు కొట్టేది కూడా మీరే, మీ ఇంటివాళ్లే.

కాయ కడిగితే, ఎండబెడితే మందు పోదా?
పైన అంటుకున్నది కొంత పోవచ్చు. మొక్క లోపలికి పాకే అంతర్వాహిక మందు కాయ లోపల ఉంటుంది, కడిగితే పోదు. ఎండుకాయను తడిపితే బూజు ముప్పు అదనం.

తక్కువ మందుతో పండిస్తే ఎక్కువ ధర ఇస్తారా?
మామూలు వేలంలో ఇవ్వరు. అక్కడ అవశేషం చూసి ధర కట్టే పద్ధతి లేదు. సంఘంగా ఏర్పడి, డైరీ, పరీక్ష నివేదిక చూపించి ఎగుమతిదారుతో ముందే ఒప్పందం చేసుకున్నచోట అదనపు ధర అడిగే అవకాశం ఉంటుంది. ఆ ధర ఎంతో విత్తనం వేసే ముందే కాగితం మీద రాయించుకోండి. ఒప్పందం లేకపోయినా, అనవసరమైన రెండు మూడు పిచికారీలు తగ్గితే మందు ఖర్చు, కూలి ఖర్చు ఆ ఏడాదే మిగులుతాయి.

పక్క చేను వాళ్లు కొట్టిన మందు నా చేను మీద పడితే?
గాలి లేని ఉదయం లేదా సాయంత్రం కొట్టమని వాళ్లతో మాట్లాడండి. గట్టు వెంట కంచె పంట వేయండి. ఆ వైపు రెండు సాళ్ల కాయను విడిగా కోసి, విడిగా అమ్మండి.

ఈ వారమే చేయాల్సినవి

మీ ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ బయట పెట్టి చూడండి. నిషేధించినవి, గడువు తీరినవి, లేబుల్ లేనివి, మిరపకు అనుమతి లేనివి పక్కన పెట్టండి. మిగిలిన ప్రతి డబ్బా మీద నిరీక్షణ కాలం ఎన్ని రోజులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. తరువాతి కోత తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఏ మందు ఏ తేదీ దాకా కొట్టవచ్చో డైరీ మొదటి పేజీలో రాసుకోండి.

సందేహం ఉంటే ఆంధ్రప్రదేశ్ రైతులు గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో, తెలంగాణ రైతులు రైతు వేదికలో వ్యవసాయ, ఉద్యాన అధికారులను కలవండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. షాపుకు వెళ్లి మందు కొనే ముందే అడిగి తెలుసుకోండి.